అలవాట్లన్నీ బాగున్నా బీపీ తగ్గకపోతే ఏం చూడాలి, ఏం చేయాలి

రోజూ తెల్లవారుజామునే లేచి గంటసేపు నడిచేవారు, బరువును అదుపులో ఉంచుకున్నవారు, సిగరెట్టూ మద్యమూ ముట్టనివారు కూడా ఏదో ఒక ఆరోగ్య పరీక్షలో బీపీ 150/95 అని తేలగానే నిర్ఘాంతపోతారు. కొందరు ఆ అంకెను నమ్మరు. మిషన్ తప్పు చూపించిందనో, ముందురోజు నిద్ర సరిగా లేదనో సరిపెట్టుకొని ఏళ్ళ తరబడి మళ్ళీ చూపించుకోరు. మరికొందరు లోపం తమదేననుకొని నడకను రెట్టింపు చేస్తారు, చప్పిడి కూడు తింటారు, మాత్ర జోలికి మాత్రం పోరు. ఎవరు ఏ దారి పట్టినా నష్టం ఒకటే. ఈలోగా గుండె, మెదడు, కిడ్నీల్లోని రక్తనాళాలు ఆ ఎక్కువ పోటును భరిస్తూనే ఉంటాయి. 40 నుంచి 69 ఏళ్ళ మధ్య వయసులో పై అంకె 20 పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతోనో గుండె జబ్బుతోనో మరణించే ప్రమాదం రెట్టింపవుతుందని, పది లక్షల మంది వివరాలను కలిపి చూసి 2002లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. ఆ లెక్క నడిచేవారికీ నడవనివారికీ వర్తిస్తుంది.

మంచి అలవాట్లు బీపీని తగ్గిస్తాయనడంలో సందేహం లేదు. అయితే అవి ఎంత తగ్గించగలవో తెలిసి ఉండాలి. బీపీ ఉన్నవారు క్రమం తప్పకుండా నడక, పరుగు, సైకిలు వంటి వ్యాయామం చేస్తే పై అంకె 5 నుంచి 8 వరకు తగ్గుతుంది. కూరగాయలు, పండ్లు, పప్పులు, వెన్న తీసిన పాలు ఎక్కువగా ఉండే డాష్ ఆహారాన్ని 1997లో అమెరికాలో పరీక్షించినప్పుడు, బీపీ ఉన్నవారిలో పై అంకె సుమారు 11 తగ్గింది. ఇవన్నీ ముందునుంచీ పాటిస్తున్న మనిషికి ఆ లాభం ఇప్పటికే అందుతోంది. ఈ అలవాట్లే లేకపోతే ఈనాటి 150 బహుశా 160 దాటి ఉండేది. మిగిలిన ఎత్తుకు వంశపారంపర్యం, వయసుతోపాటు ధమనులు గట్టిపడటం, ఉప్పును బయటికి పంపడంలో కొందరి కిడ్నీలకు పుట్టుకతోనే ఉండే బద్ధకం, తక్కువ బరువుతో పుట్టడం వంటివి కారణం కావచ్చు. వీటిలో ఏదీ మన చేతిలో లేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాలపాటు సాగిన అధ్యయనం ప్రకారం, 55 ఏళ్ళు వచ్చేసరికి బీపీ లేనివారిలో కూడా నూటికి 90 మందికి మిగిలిన జీవితకాలంలో అది వచ్చే అవకాశం ఉంది. కాబట్టి బీపీ రావడాన్ని క్రమశిక్షణ లోపానికి గుర్తుగా చూడడం సరికాదు. ఆ సిగ్గును పక్కన పెట్టగలిగితే చికిత్సలో సగం చిక్కులు తొలగిపోతాయని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు అంకెను నిర్ధారించుకోవాలి

ఆసుపత్రిలో బీపీ చూసే తీరును ఒకసారి గమనించండి. రోగి మెట్లెక్కి వచ్చి బల్లమీద కూర్చోగానే, చొక్కా చేతి మీదుగానే పట్టీ చుట్టి, పేరూ వయసూ అడుగుతూ గాలి కొట్టేస్తారు. కాళ్ళు వేలాడుతుంటాయి, వీపుకు ఆనుడు ఉండదు, చేయి ఒళ్ళో ఉంటుంది. వీటిలో ప్రతి ఒక్కటీ అంకెను పెంచుతుంది. చేయి గుండె ఎత్తున బల్లమీద కాకుండా ఒళ్ళో ఉంటే పై అంకె సుమారు 4, పక్కన వేలాడుతుంటే 6, 7 వరకు ఎక్కువ చూపిస్తుంది. వ్యాయామం చేసేవారికి ప్రత్యేకంగా వర్తించే పొరపాటు మరొకటి ఉంది. జిమ్‌కు వెళ్ళి భుజాలు, చేతులు బలిసినవారికి మామూలు సైజు పట్టీ బిగుతవుతుంది. పట్టీ చిన్నదైతే అంకె అబద్ధంగా పెరుగుతుంది. చేయి బాగా లావుగా ఉన్నవారిలో ఆ తేడా 20 వరకు కూడా పోవచ్చు. అందువల్ల భుజానికీ మోచేతికీ మధ్యభాగంలో చేతి చుట్టుకొలతను టేపుతో కొలుచుకొని, పట్టీమీద ముద్రించిన సెంటీమీటర్ల హద్దుల్లో అది ఉందో లేదో సరిచూసుకోవాలి.

ఇంట్లో చూసుకోవడానికి చేతికి చుట్టే డిజిటల్ మిషన్ కొనుక్కోవడం మంచిది. మణికట్టుకు పెట్టుకునేవాటినీ, చేతి గడియారాల్లో కనిపించే బీపీనీ చికిత్స నిర్ణయాలకు ఆధారం చేసుకోకూడదు. చూసుకునే ముందు అరగంటపాటు కాఫీ, టీ, పొగాకు, వ్యాయామం ఉండకూడదు. మూత్రవిసర్జన చేసి వచ్చి, కుర్చీకి వీపు ఆనించి, పాదాలు రెండూ నేలమీద ఉంచి, కాలుమీద కాలు వేసుకోకుండా, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. పట్టీని చర్మంమీదే చుట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండు అంకెలూ రాసుకోవాలి. ఉదయం అల్పాహారానికీ మాత్రలకూ ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇలా వారం రోజులు చూసి, మొదటిరోజు అంకెలను వదిలేసి మిగిలినవాటి సగటు తీయాలి. తొలిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఆ తర్వాత వాడుకోవాలి.

ఆ సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువగా ఉంటే బీపీ ఉన్నట్టే. ఆసుపత్రిలో చూసినప్పుడు ఈ హద్దును 140/90గా పరిగణిస్తారు. 2017 తర్వాత అమెరికా వైద్యులు మాత్రం 130/80నే హద్దుగా తీసుకుంటున్నారు కాబట్టి, అక్కడున్న మనవాళ్ళకు ఇదే అంకెకు వేరే మాట వినిపిస్తుంది. ఆసుపత్రిలో ఎక్కువగానూ ఇంట్లో మామూలుగానూ ఉండేవారికి వెంటనే మందులు అవసరం కాకపోవచ్చు గానీ, ఏడాదికోసారైనా మళ్ళీ చూసుకుంటూ ఉండాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్థితి మరింత ప్రమాదకరం. ఆసుపత్రిలో 130 దాటకుండా, ఉద్యోగపు ఒత్తిడిలోనో రాత్రి నిద్రలోనో పెరిగే బీపీ ఎవరి కంటా పడదు. అనుమానం ఉన్నప్పుడు 24 గంటలపాటు చేతికి మిషన్ కట్టి నమోదు చేసే పరీక్ష చేయించుకోవాలి. అందులో రోజంతటి సగటు 130/80 దాటకూడదు.

ఆరోగ్యకరమనుకున్నదాన్ని మళ్ళీ లెక్క చూసుకోవాలి

ఇది తప్పులెన్నే పని కాదు. మంచి భోజనం, మంచి వ్యాయామం చాటునే కొన్ని కారణాలు దాక్కుంటాయి. వాటిలో మొదటిది ఉప్పు. పెద్దలు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే చెంచాడు లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. “మేం ఉప్పు తక్కువే తింటాం” అని అందరమూ అంటాం. నిజం తెలుసుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. కిలో ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజున దానిమీద తేదీ రాసి పెట్టి, అది అయిపోయిన రోజుతో లెక్క కట్టండి. నలుగురున్న ఇంట్లో అది నెలరోజులు వచ్చిందంటే, మనిషికి రోజుకు 8 గ్రాముల పైనే పడుతోందన్నమాట. ఇందులో ఆవకాయ లేదు. దానికి వేసవిలో కల్లుప్పు విడిగా కొంటాం. కారం, ఆవపిండి, ఉప్పు ఇంచుమించు సమంగా పడే పచ్చడి అది. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, బయటి నుంచి తెప్పించుకునే టిఫిన్లు కూడా ఈ లెక్కలోకి రావు.

నూనె వస్తువులు మానేసి, పెరుగన్నంలో ఉప్పు కలిపి, పక్కన ఊరమిరపకాయ నంజుకొని తినే మనిషి తన భోజనం చాలా తేలికైనదనుకుంటాడు. నూనె విషయంలో అది నిజమే, ఉప్పు విషయంలో కాదు. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు వాడితే ఫరవాలేదన్న మాట కూడా చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. వాటిలోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే కాబట్టి బీపీకి తేడా ఏమీ ఉండదు. దీనికి భిన్నంగా, కొంత సోడియం బదులు పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు నిజంగా పనిచేస్తుంది. చైనా గ్రామాల్లో సుమారు 21 వేల మందిపై జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో అలాంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతాలు, మరణాలు తగ్గాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి బీపీ మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు, ఎందుకంటే రక్తంలో పొటాషియం హద్దు దాటితే గుండె లయ దెబ్బతింటుంది. రోజూ ఉదయం నడిచి వచ్చి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తాగే అలవాటు కొత్తగా వచ్చింది. విరేచనాలయ్యే మనిషికి ప్రాణం నిలిపే ఆ ఉప్పు, అరగంట నడకకు అవసరం లేదు, మంచినీళ్ళు చాలు.

రెండో కారణం మందుల పెట్టెలో ఉంటుంది. పరుగెత్తేవారూ, షటిల్ ఆడేవారూ మోకాలి నొప్పికీ నడుము నొప్పికీ వాడే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనినీ దెబ్బతీస్తాయి. ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ ఉన్న జలుబు మాత్రలు, స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు, నీళ్ళలో వేస్తే నురగలొచ్చే గ్యాస్ పొడులు, కొన్ని మానసిక వైద్యపు మందులు కూడా ఈ కోవలోవే. జిమ్‌లలో వ్యాయామానికి ముందు తాగే పొడుల్లో కెఫీన్ ఎక్కువగా ఉంటుంది. కండల కోసం తీసుకునే అనబాలిక్ స్టెరాయిడ్లు బీపీతోపాటు గుండెనూ పాడుచేస్తాయి. గొంతుకు మంచిదని చప్పరించే అతిమధురం విషయం చాలామందికి తెలియదు: ఎక్కువకాలం వాడితే అందులోని గ్లిసిరైజిన్ పొటాషియాన్ని తగ్గించి బీపీని పెంచుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే ప్రతి మాత్ర, కషాయం, పొడి ఒక సంచిలో వేసుకొని పట్టుకెళ్ళడం ఉత్తమం. “ఇది మందు కాదులే” అని ఇంట్లో వదిలేసినదే ఒక్కోసారి అసలు కారణమవుతుంది.

మూడోది నిద్ర. గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ పీల్చుకునే జబ్బు లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం పొరపాటు. దవడ చిన్నగా, గొంతు దారి ఇరుకుగా ఉన్నవారికి సన్నగా ఉన్నా వస్తుంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గి, శరీరం హడలి, బీపీ ఎగబాకుతుంది. తెల్లవారాక కూడా పూర్తిగా దిగిరాదు. లేవగానే తలనొప్పి, పగలు కునికిపాట్లు ఉంటే నిద్ర పరీక్ష గురించి అడగాలి. ఈ విషయంలో మీ మాటకన్నా పక్కన పడుకునేవారి సాక్ష్యమే నమ్మదగినది. బరువు సరిగ్గానే ఉన్నా నడుం చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే, కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట చుట్టూ కొవ్వు చేరే భారతీయ శరీరతత్వం మీదన్నమాట. ఆ కొద్దిపాటి పొట్ట తగ్గినా బీపీలో ఫలితం కనిపిస్తుంది.

దాగి ఉన్న జబ్బుల కోసం చేయించవలసిన పరీక్షలు

బీపీ ఉన్న నూరుమందిలో 90 మందికి పైగా విడిగా చూపించదగిన ఒకే కారణమంటూ దొరకదు. మిగిలిన కొద్దిమందిలో ఏదో ఒక జబ్బు బీపీని పెంచుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుంటే కొందరికి బీపీ పూర్తిగా నయమవుతుంది. క్రమశిక్షణతో జీవించేవారిలో, ముఖ్యంగా 40 ఏళ్ళ లోపువారిలో, ఈ అనుమానం తప్పక రావాలి. ఉన్నట్టుండి బీపీ బాగా పెరిగినా, మూడు రకాల మాత్రలు పూర్తి మోతాదులో వాడినా లొంగకపోయినా, రక్తంలో పొటాషియం తక్కువగా ఉన్నా వెతకడం అవసరం. మొదటి విడతగా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును చెప్పే రక్త పరీక్ష), సోడియం, పొటాషియం, షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, ఈసీజీ, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్షలు ప్రతి ఒక్కరూ చేయించుకోవాలి. మూత్ర పరీక్షను చాలామంది వదిలేస్తారు, కానీ కిడ్నీల నష్టం తరచుగా అక్కడే ముందుగా బయటపడుతుంది.

వీటి తర్వాత నేను నొక్కి చెప్పదలచినది ఒంట్లో ఉప్పునూ బీపీనీ నియంత్రించే అల్డోస్టిరాన్, రెనిన్‌లను రక్తంలో కొలిచే పరీక్ష. కిడ్నీలపైన ఉండే అడ్రినల్ గ్రంథులు అల్డోస్టిరాన్‌ను అవసరానికి మించి తయారుచేస్తే ఒంట్లో ఉప్పు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది. అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ 1955లో వివరించిన ఈ జబ్బును చాలాకాలం అరుదైనదిగా భావించారు. పొటాషియం తగ్గితేనే అనుమానించేవారు. పొటాషియం మామూలుగా ఉన్నవారిలో కూడా ఇది ఉంటుందనీ, బీపీ రోగుల్లో నూటికి ఐదు నుంచి పది మందిలో కనిపిస్తుందనీ ఇప్పుడు తెలుసు. ఒక గ్రంథిలోనే గడ్డ ఉంటే ఆపరేషన్‌తో తీసేయవచ్చు. రెండింటిలోనూ ఉంటే స్పైరనోలాక్టోన్ వంటి మందు బాగా పనిచేస్తుంది. కొన్ని బీపీ మందులు ఈ పరీక్ష ఫలితాన్ని మార్చేస్తాయి కాబట్టి, ఏది ఎన్నాళ్ళు ఆపాలో డాక్టరే చెప్పాలి. మీ డాక్టరు దీన్ని ప్రస్తావించకపోతే మీరే అడగండి. అలా అడగడం ఆయనను తప్పుపట్టడం కాదు.

మిగిలినవాటికి ఒక్కో ఆనవాలు ఉంటుంది. యువతుల్లో ఒక చేతి నాడి బలహీనంగా ఉండి, రెండు చేతుల బీపీలో పెద్ద తేడా వస్తే తకయాసు అనే ధమనుల వాపును అనుమానించాలి. ఇది భారత్, జపాన్ వంటి ఆసియా దేశాల్లోనే ఎక్కువ. కిడ్నీకి వెళ్ళే రక్తనాళం ఇరుకైనా బీపీ పెరుగుతుంది. తలనొప్పి, చెమటలు, గుండెదడ మూడూ కలిసి తెరలు తెరలుగా వస్తుంటే అడ్రినల్ గడ్డల్లో మరో రకం కోసం చూస్తారు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చి తగ్గిన స్త్రీలకు తర్వాతి కాలంలో అది తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ సంగతి ఎన్నేళ్ళయినా డాక్టరుకు చెప్పాలి.

వ్యాయామం మానకుండా మాత్ర వాడటం

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా ఇంటి సగటు 135/85 పైనే ఉంటే మాత్ర మొదలుపెట్టే విషయాన్ని డాక్టరుతో తేల్చుకోవాలి. “ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలి” అన్న భయమే చాలామందిని ఆపుతుంది. జీవితాంతం ఉండేది బీపీ. మాత్ర దాన్ని అదుపులో ఉంచుతుందే తప్ప ఒంటికి వ్యసనంగా మారదు. మాత్ర ఆపితే బీపీ మామూలుగా పాత స్థాయికే చేరుతుంది. అయితే అటెనోలాల్, మెటోప్రోలాల్, క్లోనిడిన్ వంటివాటిని ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. మాత్ర వేసుకుంటున్నాం కదా అని నడకనూ ఉప్పు జాగ్రత్తనూ వదిలేయకూడదు. అవి ఉంటేనే తక్కువ మందుతో పని జరుగుతుంది.

చురుగ్గా తిరిగేవారికి మందు ఎంపికలో కొన్ని సంగతులు ముఖ్యం. టెల్మిసార్టాన్ వంటివీ, ఆమ్లోడిపిన్‌వంటివీ సాధారణంగా వ్యాయామ సామర్థ్యాన్ని తగ్గించవు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. టెల్మిసార్టాన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి. గర్భిణులు, గర్భం కోరుకునేవారు దాన్ని వాడకూడదు. రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో కొందరికి పొడిదగ్గు వస్తుంది. అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి, పరుగెత్తేవారికి త్వరగా అలసట వస్తుంది. వేరే గుండె జబ్బు ఉంటే తప్ప వీరికి అవి మొదటి ఎంపిక కాకపోవడమే మంచిది. మూత్రం ఎక్కువగా పోయించే క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ బాగా పనిచేసే మందులే, కానీ రామగుండం, రెంటచింతల ఎండల్లో పనిచేసేవారు, చెమట కక్కేలా ఆడేవారు నీరసం, తలతిరుగుడు వస్తాయేమో గమనించుకోవాలి. పోటీల్లో పాల్గొనే క్రీడాకారులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. మూత్రం ఎక్కువగా పోయించే ఈ మందులు (డైయూరెటిక్స్) ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో ఉన్నాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఈ మాత్రలను కొనసాగించాలో ఆపాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఒకే మందు మోతాదును రెట్టింపు చేయడంకన్నా, తక్కువ మోతాదులో రెండు రకాలు కలిపి వాడటం బీపీని బాగా తగ్గిస్తుంది. కాబట్టి డాక్టరు మొదటే రెండు మందులు కలిసిన మాత్ర రాస్తే జబ్బు ముదిరిందని కంగారుపడవద్దు. మాత్ర ఉదయం వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అన్న చర్చ చాలాకాలం సాగింది; బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొని 2022లో ప్రచురితమైన పరిశోధనలో రెండింటి మధ్య తేడా కనిపించలేదు. మరచిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళ. ఖర్చు భయపెట్టనక్కరలేదు: 2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమపు తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ సాధారణ మాత్రలు ఉచితంగానే ఇస్తారు.

వ్యాయామంలో ఒక చేర్పు, ఒక జాగ్రత్త. బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ బీపీకి మంచి మందుగా తేలింది. కదలకుండా కండరాన్ని బిగించే ఇలాంటి వ్యాయామాలు విశ్రాంతిలో ఉండే బీపీని తగ్గిస్తాయని 2023లో వెలువడిన విశ్లేషణ చూపింది. రెండు నిమిషాలు గోడకుర్చీ, రెండు నిమిషాలు విరామం చొప్పున నాలుగుసార్లు, వారానికి మూడురోజులు చేస్తే సరిపోతుంది. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. భారీ బరువులను ఊపిరి బిగపట్టి ఎత్తినప్పుడు బీపీ క్షణకాలం 300 కూడా దాటుతుందని ప్రయోగాల్లో నమోదైంది. కాబట్టి విశ్రాంతిలోనే 180/110 దాటి ఉన్నవారు అది తగ్గేదాకా బరువుల జోలికి వెళ్ళకూడదు. మామూలు నడక విషయంలో డాక్టరు మాట వినాలి.

ఎప్పుడైనా మిషన్‌లో 180/120 కనిపిస్తే ముందు కూర్చొని, ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, ఒకవైపు చేయీ కాలూ పడిపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం, తీవ్రమైన తలనొప్పి వీటిలో ఏది ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇవేవీ లేకపోతే అదే రోజు డాక్టరును సంప్రదించాలి. నాలుక కింద మాత్ర పెట్టుకొని బీపీని ఒక్కసారిగా దించే పాత పద్ధతి మెదడుకు రక్తం అందకుండా చేసి పక్షవాతానికి దారితీయవచ్చు.

అలవాట్లు బాగున్న మనిషికి బీపీ వచ్చిందంటే ఆ ఇంట్లో మరొకరికి కూడా ఉండే అవకాశం చాలా ఎక్కువ. వారం రోజులు ఇంట్లో చూసుకోవడానికి తెచ్చిన ఆ మిషన్‌తోనే తోబుట్టువులకూ, 18 ఏళ్ళు దాటిన పిల్లలకూ బీపీ చూసి, వారి అంకెలను కూడా అదే పుస్తకంలో రాసి పెట్టండి.